పైకి చూస్తే అవును

దసరా సెలవులకు కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గరున్న అమ్మమ్మగారి ఊరికి వచ్చిన శ్రేయ, బతుకమ్మ ఆడుతూ ఆడుతూ పడిపోయింది. లంగా కాళ్లకు అడ్డం పడిందన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. మర్నాడు పీట మీద కూర్చున్న పిల్ల లేవలేకపోయింది. మొండితనం చేస్తుందనుకుని తల్లి జమున కసురుకుంది. జబ్బ పట్టి లేపితే పిల్ల మోకాళ్లు రెండూ తడిసిన బట్టల్లా వంగిపోయాయి. అప్పుడు జమునకు భయమేసింది. ఆటోలో వేసుకుని కరీంనగర్‌లోని పిల్లల దవఖానకు తీసుకొచ్చింది.

అక్కడ ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సు వినోద. వయసు నలభైకి దగ్గర. చాలా ఏళ్లుగా పిల్లల వార్డులోనే పనిచేస్తోంది. జ్వరానికి వచ్చే ఫిట్సు, మెదడువాపు, పుట్టుకతో వచ్చే చచ్చుబాటు లాంటివి రోజూ చూసేవే. శ్రేయను మంచం మీద కూర్చోబెట్టి కాళ్లు వేలాడదీయించింది. డాక్టరు విద్యాధర్ చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. మళ్లీ కొట్టాడు. కదలలేదు.

"మొన్న మొన్న పిల్లకు జ్వరం గాని, విరేచనాలు గాని అయినయా?" అని అడిగాడు.

"అయినయ్ సార్. ఆదిలాబాద్‌ల ఉన్నప్పుడు అయినయ్. తగ్గినంకనే ఇటు వచ్చినం" అంది జమున.

డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. గియన్ బారీ. జమునకు ఆ పేరు నోరు తిరగలేదు. ఆయన వెళ్లాక వినోద ఆమె పక్కన కూర్చుంది.

"చెల్లె, ఒంట్లెకు రోగం వస్తే దానితోటి కొట్లాడే శక్తి మనకు ఉంటది గదా. అది ఒక్కోసారి దారి తప్పి మన నరాల మీదనే పడ్తది. కాళ్లకాడ మొదలై పైకి వస్తది. మందు ఉన్నది, ఇస్తరు. చానమందికి మళ్ల మంచిగైతది. గని ముందుగాల ఎక్కడిదాక ఎక్కుతదో చూడాలె."

"ఎక్కడిదాక ఎక్కుతదక్కా?"

వినోద పిల్ల ఛాతీ వైపు చూసింది. "ఊపిరి దగ్గర జర జాగ్రత్తగ ఉండాలె. అందుకే ఇక్కడనే ఉంచుకుంటున్నరు" అంది.

ఊపిరి ఎలా ఉందో చూడటానికి పిల్లలతో వినోద ఒక ఆట ఆడేది. గట్టిగా గాలి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడితే అంత. శ్రేయ మూడో తరగతి. లెక్కలంటే ఇష్టం. మొదటిరోజు ఇరవై దాటింది, గర్వంగా చూసింది. మర్నాడు పొద్దున పదిహేను దగ్గర ఆగింది. మధ్యాహ్నానికి పది కూడా అందలేదు. "నేను ఓడిపోతున్న" అని ఏడ్చింది. ఆ ఏడుపులో గొంతు కూడా ముక్కులోంచి వస్తోంది. నీళ్లు తాగిస్తే పొలమారింది. వినోద గ్లాసు పక్కన పెట్టేసి డాక్టరుకు ఫోన్ చేసింది. సాయంత్రానికి శ్రేయ నోట్లో గొట్టం, పక్కన ఊపిరి పోసే మిషను వచ్చాయి.

తర్వాతి రోజుల్లో చేతులు పడిపోయాయి. మెడ పోయింది. ముఖంలో కండ కదలడం మానేసింది. రెప్పలు పూర్తిగా మూతపడకపోవడంతో కళ్లలో మందు వేసి, పైన మెత్తటి ప్లాస్టరు అంటించేవారు. గొట్టం ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తుందని మెడ మీద చిన్న రంధ్రం చేసి దాన్ని అక్కడికి మార్చారు. చూసినవాళ్లకు ఆ మంచం మీద ఉన్నది నిద్రపోతున్న పిల్లో, తెలివి లేని పిల్లో తెలిసేది కాదు.

విద్యాధర్ పొద్దున రౌండ్స్‌లో అందరినీ మంచం దగ్గర నిలబెట్టి చెప్పాడు. "గీ పిల్ల మెదడుకు ఏం కాలే. అన్నీ వింటది. తాకితే తెలుస్తది, మనకంటె ఎక్కువ నొప్పి పెడ్తది. ఇక్కడ నిలబడి ఏది పడితే అది మాట్లాడకుండ్రి."

వినోదకు ఆ సంగతి కొత్త కాదు. కానీ తెలిసినదాన్ని ఎలా వాడాలన్నదే ఆమె పని. ప్లాస్టరు తీసి కళ్లు శుభ్రం చేసేటప్పుడు శ్రేయ కనుగుడ్లు తిరగడం గమనించింది. ముఖానికి దగ్గరగా వంగింది.

"శ్రేయా, నేను వినోద సిస్టర్‌ను. నీ కండ్లు మంచిగ తిరుగుతున్నయి. మనం గిట్ల మాట్లాడుకుందాం. పైకి చూస్తే అవును. పక్కకు చూస్తే కాదు. సమజైతే పైకి చూడు."

కనుగుడ్లు మెల్లగా పైకి వెళ్లాయి. నుదుటి కింద దాక్కున్నంత పైకి.

"కాళ్లు గుంజుతున్నయా?"

పైకి.

"నెత్తి దురద పెడుతున్నదా?"

పక్కకు. మళ్లీ పక్కకు. అది కాదు, ఇంకేదో ఉంది.

ఎన్ని అడిగినా పిల్ల పక్కకే చూస్తోంది. వినోద ఒక అట్ట మీద అక్షరాలు వరసలుగా రాసుకొచ్చింది. ముందు వరస ఏదో అడగాలి, తర్వాత వరసలోని అక్షరం. శ్రేయ పైకి చూసినచోట ఆగాలి. "ల" దగ్గర ఆగింది. గుణింతం పట్టుకోవడానికి మళ్లీ అంతసేపు పట్టింది. చివరికి తేలిన మాట "లైటు".

వినోద తలెత్తి చూసింది. సరిగ్గా మంచం పైన ట్యూబులైటు. రెప్పలు మూతపడని కళ్లకు ప్లాస్టరు సందుల్లోంచి ఆ వెలుగు ఇన్ని రోజులూ పడుతూనే ఉంది. రోజూ దాని కింద నిలబడి పనిచేసిన ఎవరికీ అది తట్టలేదు. స్విచ్ ఆపేసి, పక్క మంచం వెలుగు తగలకుండా పచ్చబట్ట తెర అడ్డం లాగింది.

"ఇప్పుడు మంచిగున్నదా?"

కళ్లు పైకి వెళ్లి అక్కడే ఉండిపోయాయి.

వినోద ఊళ్లోనే మంకమ్మతోట అనే పేటలో ఒంటిగది కిరాయికి తీసుకుని ఉండేది. భర్త లక్ష్మణ్ పెళ్లయిన మరుసటేడే మస్కట్ వెళ్లాడు. రెండేళ్లకోసారి వస్తాడు, నెల ఉంటాడు, ఆ నెలలో సగం చుట్టాల ఇళ్లలోనే గడిచిపోతుంది. పిల్లలు కలగలేదు. శుక్రవారం అతనికి సెలవు కాబట్టి ఫోన్ చేస్తాడు. "తిన్నవా?" "తిన్న." "డ్యూటీ ఎట్లున్నది?" "ఉన్నది." "ఒంట్లె మంచిగున్నదా?" "ఆఁ." మొదట్లో ఒక పూటంతా మాట్లాడుకునేవాళ్లు. ఎవరికీ కోపం రాలేదు, గొడవ పడలేదు. చెప్పుకునేది మాత్రం తగ్గుతూ వచ్చింది. ఒకరి రోజులు ఒకరికి తెలియనప్పుడు ఏ ముచ్చట ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు.

ఒకసారి అతనికి శ్రేయ గురించి చెప్పాలనుకుంది. "ఒక పిల్ల ఉన్నది. కండ్లతోటి మాట్లాడ్తది" అని మొదలుపెట్టింది. "అవునా" అన్నాడు లక్ష్మణ్. వెనక ఎవరో పిలిచారు. "మళ్ల చేస్త" అన్నాడు.

దవఖానలో మాత్రం ఆమెకు మాటలు వచ్చేవి. శ్రేయను పక్కకు ఒత్తిగిల్లేటట్టు పడుకోబెడుతూ, కీళ్లు బిగుసుకోకుండా వేళ్లూ మడమలూ వంచి చాపుతూ చెబుతూనే ఉండేది. బయట ముసురు పట్టిందనీ, తాను అన్నం మాడబెట్టుకుందనీ, బస్సులో ఒకావిడ కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని టికెట్ తీసుకోనని కొట్లాడిందనీ. శ్రేయ కళ్లు ఆమె వెంబడే తిరిగేవి. జుట్టు చిక్కులు పడి కత్తిరించేద్దామని తోటి నర్సు అంటే, వినోద "దాన్నే అడుగుదాం" అంది. శ్రేయ పక్కకు చూసింది, గట్టిగా. ఆ రోజు నుంచి వినోద తన పని ముగించుకున్నాక నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేసి వెళ్లేది.

జమున మాత్రం లోపలికి వచ్చేది కాదు. వచ్చినా తలుపు దగ్గరే నిలబడేది. మెడలో గొట్టం, మిషను మీద ఎగిరిపడే గీతలు చూడగానే కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయేది. తండ్రి వెంకటి ఆదిలాబాద్ అవతల పత్తి చేను ఏరించుకుంటూ, వీలున్నప్పుడు వచ్చి చూసి పోయేవాడు. తల్లికి కూడా ఈ చూపుల మాట నేర్పాలని వినోద మొదటిరోజే అనుకుంది. రేపు చెబుదాం, ఆమె కాస్త కుదుటపడ్డాక చెబుదాం అనుకుంటూ ఉంది. నిజానికి ఆమెకు తొందర లేదు. తన కోసం ఎదురుచూసే రెండు కళ్లు ఒక చోట ఉన్నాయన్న సంగతి ఆమెకు బాగుంది.

ఒకరోజు శ్రేయ అక్షరాల అట్ట కావాలన్నట్టు అటే చూసింది. "అ" దగ్గర ఆగింది. "అవ్వ" అని తేలింది. శ్రేయ తల్లిని పిలిచేది అలాగే.

"అవ్వ కావాల్నా?"

పక్కకు. ఇంకా ఉంది. మళ్లీ వరసలు చదివింది. ఈసారి వచ్చిన మాట "కోపం".

వినోదకు కొంచెంసేపు అర్థం కాలేదు. అయ్యాక అట్టను మంచం మీద పెట్టేసింది. "నడుస్తలేవని అవ్వకు నీ మీద కోపమొచ్చిందా? అందుకే దగ్గరికి వస్తలేదా? అదేనా అడుగుతున్నవ్?"

పైకి.

"కాదు బిడ్డా. కోపం కాదు. ఇప్పుడే తోలుకొస్త ఉండు."

జమున మెట్ల దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. వినోద ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుని, పిల్ల అడిగిన మాట చెప్పింది.

"నాకు ఆ గొట్టం జూస్తె లోపలికి రాబుద్ధయితలేదక్కా" అంది జమున. "అది నా పిల్లలెక్కనే అనిపిస్తలేదు. మాట్లాడితె వింటదా? ఏడిస్తె చూస్తదా?"

"అన్నీ వింటది. నీ గొంతు తలుపు కాడ వినవడితె దాని గుండె దడ పెరుగుతది, మిషన్ల నాకు కనవడ్తది. నువ్వు తిరిగి పోయేది కూడ దానికి ఎరుకే."

జమున చాలాసేపు ఏడ్చింది. వినోద ఆపలేదు. ఏడుపు తగ్గాక ముఖం కడుక్కోమని, చేతులు సబ్బుతో రుద్దుకోమని చెప్పి లోపలికి తీసుకెళ్లింది. కూతురి ముఖానికి దగ్గరగా ఎలా వంగాలో, ఒకసారికి ఒక్కటే ఎలా అడగాలో, జవాబు వచ్చేదాకా ఎలా ఆగాలో చూపించింది.

"కోపం లేదు నా తల్లీ" అంది జమున. "నీ మీద నాకెందుకు కోపం? నేను భయపడ్డ. గంతే. ఇగ ఎటూ పోను. నీ కాడనే ఉంట."

శ్రేయ కళ్లు పైకి వెళ్లాయి. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చేయి లేవదు. జమున తన కొంగుతో తుడిచింది. వినోద పక్కకు జరిగి, తెర సర్ది, మందుల బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి తల్లీకూతుళ్లు వరసలూ గుణింతాలూ లేకుండానే మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. జమున సగం మాట అనేలోపే శ్రేయ పైకో పక్కకో చూసేది. మేక పిల్ల గురించి, బడిలో పక్కన కూర్చునే పిల్ల గురించి, ఇంటెనక మొలిచిన బొప్పాయి చెట్టు గురించి. జడలు కూడా ఇప్పుడు జమునే వేస్తోంది. ఇక వినోదకు మిగిలింది సూదులు, గొట్టంలో కఫం లాగడం, బిగుసుకుపోయిన మడమలను నొప్పి పుట్టేదాకా వంచడం. కఫం లాగేటప్పుడు పిల్లకు ఊపిరి ఆగినట్టవుతుంది. వినోద ముందే చెప్పేది, "శ్రేయా, ఇప్పుడు కఫం గుంజుత. జరసేపు ఊపిరాడనట్టు అయితది. గబగబ తీసేస్త." వద్దనడానికి వీల్లేని పనిని ఆమె ఏనాడూ "చేయనా?" అని అడగలేదు. చెప్పేది, చేసేది. అయినా శ్రేయ పక్కకు చూసేది. కాదు, కాదు, కాదు. చూస్తూనే ఉండేది, వినోద చేస్తూనే ఉండేది. పోనుపోను, తెర అవతల ఆమె చెప్పుల చప్పుడుకే పిల్ల చూపు తల్లి వైపు పరుగెత్తేది.

చలికాలం మొదలయ్యేసరికి శ్రేయ భుజం ఎగరేసింది. తర్వాత బొటనవేలు. ఊపిరి కాస్త కాస్త తనే తీసుకోవడం మొదలుపెట్టింది. మిషను తీశారు, కొన్నాళ్లకు మెడలోని గొట్టమూ తీశారు. గొంతు గరగరలాడుతూ వచ్చింది. మొదటి మాట "అవ్వా" అని వార్డంతా సంబరపడింది. ఆ పూట వినోద వేరే పిల్లకు సెలైన్ ఎక్కిస్తూ అవతల గదిలో ఉంది. ఎవరో వచ్చి చెప్పారు.

వాళ్లు ఇంటికి వెళ్లింది కూడా ఆమె లేని పూటే. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి, జ్వరంతో ఫిట్సు వచ్చిన ఇంకో పిల్ల. "జమున నిన్ను చాన అడిగింది" అంది తోటి నర్సు. వినోద తల ఊపి, ఆ పిల్ల ఒంటి మీది ఉన్ని బట్టలు తీయడం మొదలుపెట్టింది.

మరుసటేడు వానాకాలంలో విద్యాధర్ ఆదిలాబాద్‌లోని ఒక బడిలో నరాల జబ్బులున్న పిల్లల కోసం శిబిరం పెట్టాడు. వినోద కూడా వ్యానులో వెళ్లింది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే కొండల మీద మబ్బు దిగి ఉంది. శిబిరానికి వచ్చినవాళ్లలో సగం మంది మరాఠీ కలిపి మాట్లాడుతున్నారు. ఫిట్సు వచ్చినప్పుడు పిల్ల చేతిలో తాళంచెవి పెడతామన్న ఒక తల్లికి వినోద నేల మీద చాప వేసి చూపించింది. ఇలా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతులు కాళ్లు అదిమి పట్టొద్దు. ఆగకుండా వస్తుంటే వెంటనే దవఖానకు తేవాలి.

అప్పుడే తలుపు దగ్గర "అక్కా!" అన్న కేక వినిపించింది. జమున. పక్కన బడి దుస్తుల్లో శ్రేయ, పొడుగైంది, బుగ్గలు నిండాయి, తన కాళ్ల మీద తను నిలబడి ఉంది. వినోద చాప మీది నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"శ్రేయా, చూడు ఎవరున్నరో! వినోద సిస్టర్!" అంది జమున.

శ్రేయ చూసింది. చేయి మెడ మీది మచ్చ దగ్గరికి వెళ్లింది. తల్లి వెనక్కి దూరి కొంగు పట్టుకుంది. "వద్దు. వద్దవ్వా. గొట్టం పెట్టద్దని చెప్పు. ఇంటికి పోదాం."

"అట్లంటరా? గీ అక్కనే నిన్ను కండ్లల్ల పెట్టుకుని చూసుకున్నది. దండం పెట్టు!" జమున ఆమెను ముందుకు లాగబోయింది. పిల్ల గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.

"గుంజకు చెల్లె. ఏమనకు." వినోద ఉన్నచోటే ఆగిపోయింది. దగ్గరికి పోకుండా, మోకాళ్ల మీద కూర్చుని, ఎత్తు తగ్గించుకుని చెప్పింది. "శ్రేయా, ఇయ్యాల సూది లేదు, గొట్టం లేదు. సారు నీ నడక చూస్తడు, గంతే. నేను అవుతలికి పోతున్న."

చెప్పినట్టే బయటికి వెళ్లింది. వరండా దాటి, చినుకుల్లో తడుస్తూ, ఆగి ఉన్న వ్యాను పక్కకు వెళ్లి నిలబడింది. కొంచెంసేపటికి పరీక్ష ముగిసినట్టుంది, శ్రేయ మైదానంలోకి వచ్చింది. అక్కడ ఆడుతున్న పిల్లలతో కలిసి పరుగెత్తింది. వినోద ఆమె పాదాలనే చూసింది. పరుగందుకున్నప్పుడు ఎడమ పాదం కొన నేలకు రాస్తోంది. ఒకసారి తట్టుకుని పడింది. మోకాలి మీద చేయి ఆనించి, తనంతట తాను లేచి, మళ్లీ పరుగెత్తింది.

విద్యాధర్ టీ గ్లాసుతో బయటికి వచ్చాడు. "సార్, పిల్ల పరుగెత్తుతుంటె ఎడమ పాదం కొన నేలకు రాస్తున్నది" అంది వినోద.

"నాకు డౌటు వచ్చింది, గని గదిల పరుగెత్తించలేకపోయిన" అంటూ ఆయన కాసేపు మైదానం వైపు చూశాడు. "పాదం నిలబెట్టే పట్టీ వేద్దాం. వ్యాయామం కూడ పెంచుదాం. నువ్వు చెప్తవా వాళ్లకు?"

"మీరే చెప్పుండ్రి సార్."

ఆయన వెళ్లాక జమున వచ్చింది. చేతులు పిసుక్కుంటోంది. "ఇంట్ల దవఖాన ముచ్చటనే తియ్యదక్కా. మరిచిపోయిందనుకున్న. నిన్ను జూస్తె సంబరపడ్తదనుకుని చెప్పకుండ తోలుకొచ్చిన."

"గంత చిన్న పిల్ల. ఎవరు ఎందుకు చేసిన్రో దానికేం ఎరుక? నొప్పి యాదికున్నది. నొప్పి పెట్టిన చేతులు నాయే గదా. రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తదా?"

"అప్పుడప్పుడు లేస్తది."

"గది కూడ సారుకు చెప్పు. నడక లెక్కనే గది కూడ మెల్లగ మంచిగైతది. నా గురించి మాత్రం దాన్ని తిట్టకు. మంచిదాన్నని దానికి చెప్పుకుంట కూసోకు."

జమున ఆమె ముఖంలోకి చూసింది. "నీకు బాధయితలేదా అక్కా?"

"అయితుంది" అంది వినోద.

జమున ఆమె చేయి పట్టుకుని, కొంచెంసేపు ఉంచి, వదిలి వెళ్లింది.

గేటు దగ్గర వెంకటి బండి స్టార్టు చేశాడు. శ్రేయ ముందు ఎక్కింది, ఎవరూ ఎత్తకుండానే. జమున వెనక కూర్చుని కూతురి తల మీద కొంగు కప్పింది. శ్రేయ కొంగు తొలగించి ఒకసారి బడి వైపు తిరిగి చూసింది. వినోద పిల్లకు కనబడకుండా వ్యాను వెనక్కి జరిగింది. బండి రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా అక్కడి నుంచి బయటికి రాలేదు.